కంపెనీ వాగ్దానంలో కర్త యెవరు?

పెద్ద కంపెనీలు యేటేటా పర్యావరణ నివేదికలు వెలువరిస్తున్నవి. ఆర్థిక నిపుణులు వాటిని లెక్కలుగా చదువుతారు. వాటాదారులు హామీలుగా చదువుతారు. సాహిత్య విమర్శకునికి వాటితో పనిలేదని మనలో కొందరి అభిప్రాయం. కాని ఒక మాట యెవరి ప్రయోజనంకోసం చలామణిలోకి వచ్చిందో, యెవరి బాధ్యతను మరుగుపరుస్తున్నదో తేల్చటం విమర్శ కర్తవ్యమైనప్పుడు, యీ వాఙ్మయం మాత్రం మన పరిశీలనకు అతీతం యెందుకు కావాలి?

బ్రిటిష్ చమురు కంపెనీ బి.పి.ని తీసుకుందాం. 2000లో ఆ కంపెనీ తన పాత డాలు గుర్తును తీసివేసి, పొద్దుతిరుగుడు పువ్వువంటి ఆకుపచ్చ చిహ్నాన్ని ధరించింది. తన పేరులోని రెండక్షరాలకు ‘పెట్రోలియంకు ఆవల’ అని కొత్త అర్థం చెప్పుకున్నది. రూపం మారింది, వస్తువు మాత్రం చమురూ, గ్యాసూగానే మిగిలింది.

ఆ తర్వాత 2004 ప్రాంతంలో, ప్రజలు తమ ‘కర్బన పాదముద్ర’ను తామే లెక్క వేసుకునే సాధనాన్ని ప్రచారంలో పెట్టింది. ప్రకృతిమీద మనిషి మోపే భారాన్ని పాదముద్రగా కొలవటం బి.పి. సృష్టి కాదు; 1990ల ఆరంభంలో కెనడాలో విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ అనే పరిశోధకులు రూపొందించిన భావన. కంపెనీ ప్రచారంలో పడేసరికి దాని వ్యాకరణం మారిపోయింది. చమురు తోడేవాడు వాక్యంలోనుంచి తప్పుకున్నాడు; పొయ్యి వెలిగించే యిల్లాలు, స్కూటరుమీద పనికి పోయే గుమాస్తా కర్తలయ్యారు. వారికి బాధ్యత బొత్తిగా లేదని కాదు. బస్సు లేని వూళ్ళో స్కూటరు కొన్నవాణ్ణీ, యెన్ని బావులు తవ్వాలో నిర్ణయించేవాణ్ణీ ఒకే తూకంలో వేయటమే అన్యాయం.

లెక్కల్లోనూ యిదే తిరకాసు. ఉద్గారాలను మూడు పరిధులుగా విభజిస్తారు: కంపెనీ స్వయంగా వెలువరించేవి, అది కొన్న విద్యుత్తువల్ల కలిగేవి, దాని సరుకుకు ముందూ వెనకా పుట్టేవి. చమురు వ్యాపారంలో సింహభాగం యీ మూడవదే. కొన్నవాడు కాల్చినప్పుడే ఆ పొగ పుడుతుంది. మొదటి రెండింటిని తగ్గించటం మంచిదే. అంతమాత్రాన సరుకు స్వభావం మారదు. ఇక ఆస్తిని అమ్మినా పద్దు తగ్గుతుంది. 2020లో బి.పి. అలాస్కాలోని తన చమురు వ్యాపారాన్ని హిల్‌కార్ప్ అనే మరొక కంపెనీకి అమ్మివేసింది. బావులు ఆగలేదు, యజమాని మారాడు.

అయితే అదే సంవత్సరం ఆ కంపెనీ ఒక గట్టి మాట కూడా అన్నది. 2030 నాటికి చమురు, గ్యాసు ఉత్పత్తిని 2019తో పోలిస్తే 40 శాతం తగ్గిస్తానన్నది. యిది వట్టి అలంకారం కాదు. యిందులో కర్త కంపెనీయే, క్రియ ఉత్పత్తికి సంబంధించినదే, గడువు దగ్గరిదే. ఆ డిసెంబరులోనే మన కాకినాడకు యెదుట, లోతు సముద్రంలో, రిలయన్స్‌తో కలిసి కొత్త క్షేత్రంనుంచి గ్యాసు తీయటం మొదలుపెట్టింది. బొగ్గుకంటె గ్యాసు మేలనీ, దేశానికి ఇంధనం కావాలనీ వాదించవచ్చు; ఆ వాదంలో బలం వుంది. కాని ఒకచోట తగ్గింపూ, మరొకచోట పెంపూ సాగుతున్నప్పుడు మొత్తం యెటు నడిచిందో చూడాలి.

2022లో యుక్రెయిన్ యుద్ధంతో ధరలు పెరిగి కంపెనీకి మున్నెన్నడూ లేని లాభం వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆ 40 శాతం 25 శాతమయింది. 2025 ఫిబ్రవరిలో ఆ లక్ష్యాన్నే విడిచిపెట్టి, చమురు, గ్యాసులపై పెట్టుబడిని యేటా సుమారు వెయ్యి కోట్ల డాలర్లకు పెంచుతానని ప్రకటించింది. అంటే, ఉత్పత్తిని నేరుగా తాకిన ఆ వాక్యమే లాభం ముందు నిలవలేకపోయింది. దీన్ని ఒక అధికారి చిత్తశుద్ధి లోపంగా చూస్తే విమర్శ పైపైన ఆగిపోతుంది. లాభాన్ని బట్టి నడిచే సంస్థ తనకు తాను విధించుకున్న హద్దు, ధర పెరిగిన రోజున చెరిగిపోతుంది.

అందుచేత యేదీ సాధ్యం కాదనే నిరాశావాదం మనకు తగదు. డెన్మార్క్‌లో సగానికి మించిన వాటా ప్రభుత్వానిదే అయిన ఓర్‌స్టెడ్ ఒకప్పుడు బొగ్గు, చమురు, గ్యాసుల సంస్థ. 2017లో అదీ తన చమురు క్షేత్రాలను అమ్ముకున్నదేగాని మూయలేదు; యీ దోషం అక్కడా వుంది. కాని సముద్రపు గాలినుంచి విద్యుత్తు తీయటం పెంచుతూ, 2024లో తన చివరి బొగ్గు విద్యుత్కేంద్రాన్ని మూసివేసింది. అమ్మిన బావి మరొకడి పద్దులో పొగ చిమ్ముతుంది. ఆర్పిన కొలిమి యెవరి పద్దులోనూ చిమ్మదు.

యీ భేదాన్ని పాఠకునికి చూపటమే మన పని. ‘ఉద్గారాలు తగ్గినవి’ అని నివేదిక చెప్పినప్పుడు, యెవరు తగ్గించారనీ, ఆర్పి తగ్గించారా అమ్మి తగ్గించారా అనీ అడగాలి. ఆ జవాబును కంపెనీ యిష్టానికి వదలక చట్టంగా చేయించుకోవలసినది ప్రజలు. రచయితలు చేయగలిగింది, వాక్యంలోనుంచి తప్పించుకుపోయిన కర్తను తిరిగి తీసుకువచ్చి వారి యెదుట నిలబెట్టటం.