కారం లేదన్నది విమర్శేనా?

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లియన్సు 350 మైళ్ళు. మన తెలుగు కుటుంబాల్లో ఆ దారిన ఒక్కసారైనా వెళ్ళనివారు తక్కువ. ఇండియా నుంచి చుట్టాలొస్తే ఒకరోజు నాసా చూపించి, మర్నాడు కారెక్కించి ఐ-10 మీద తూర్పుకు తీసుకుపోవడం ఆనవాయితీ. డిక్కీలో పులిహోర, పెరుగన్నం, చేగోడీలు, ఓ సీసాడు గోంగూర పచ్చడి ఉంటాయి. అవి అయిపోతే, ఏ ఊళ్ళో ఆగినా ఒకే రుచితో దొరికే హాంబర్గరు కొట్టు ఉండనే ఉంది. తిరిగొచ్చాక అడిగితే, "ఊరు బాగానే ఉందండీ, తిండే ఉప్పూ కారం లేని చప్పిడి తిండి" అని తేల్చేస్తారు.

అలా అనేవారిలో చాలామంది లూసియానా తిండి తినలేదు. తిన్న కొద్దిమందీ కొలిచిన కొలత దానికి తగినది కాదని నా అభిప్రాయం. మొదటిది వారి వారి ఇష్టం. రెండోది విమర్శకు సంబంధించినది కనక నాలుగు మాటలు రాస్తున్నాను.

లేక్ ఛార్లెస్ దాటి కొంతదూరం పోయాక, క్రౌలీ అనే ఊరి దగ్గర వరిచేలు మొదలవుతాయి. గట్లు, మడుల్లో నీళ్ళు, వాటిలో కొంగలు. తణుకో తాడేపల్లిగూడెమో గుర్తు రాక మానదు. కోతలయ్యాక ఆ మడులకే మళ్ళీ నీళ్ళు పెట్టి, చలికాలం నుంచి వేసవి మొదలుదాకా తీగబుట్టలు వేసి క్రాఫిష్ పడతారు. క్రాఫిష్ అంటే మంచినీటి రొయ్యకు పీత కాళ్ళు తగిలించినట్టుండే ప్రాణి. భీమవరం వైపు మనవాళ్ళు వరిచేలను చెరువులుగా తవ్వి రొయ్యలు పెంచుతున్నారు. తవ్విన చెరువు మళ్ళీ చేను కావడం కష్టం. ఇక్కడ ఒకే మడి కొన్నాళ్ళు వరికీ కొన్నాళ్ళు క్రాఫిష్‌కీ పనికొస్తుంది. మన రైతులెవరైనా వస్తే నాసా కంటే ముందు ఇది చూపించడం మేలు.

అంటే ఇది అన్నం తినే సీమ. అన్నం మీద కూర పోసుకుని మధ్యాహ్నభోజనం చేసే జనం. వీళ్ళ ముఖ్యమైన వంటకానికి 'గంబో' అన్న పేరు, ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరునుంచి వచ్చింది. అన్నమూ బెండకాయా తినే ఊరికి వెళ్ళి మనం బర్గరు తిని వస్తున్నామన్నమాట!

ఈ వంట ఒక్కరి సొత్తు కాదు. 1755 నుంచి ఇంగ్లీషువాళ్ళు నోవా స్కోషియా నుంచి వెళ్ళగొట్టిన అకేడియన్లనే ఫ్రెంచి రైతుల్లో కొందరు 1760లలో ఇక్కడికి చేరారు. ఆ పేరే నలిగి నలిగి 'కేజన్' అయింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ళలో వరిసాగు తరతరాలుగా తెలిసినవాళ్ళున్నారు. చోక్టా ఇండియన్లు ససాఫ్రాస్ చెట్టు ఆకును ఎండబెట్టి పొడి కొట్టడం నేర్పారు. దానిపేరు ఫీలే, గంబోలో చివర్న కలిపితే చిక్కబడుతుంది. (ససాఫ్రాస్ నూనెలో ఉండే శాఫ్రోల్ ఎలుకల లివరులో కాన్సరు తెస్తున్నదని 1960లో ఇక్కడి ప్రభుత్వం దాన్ని ఆహారపదార్థాల్లో నిషేధించింది. ఆకుపొడిలో అది దాదాపు ఉండదు కనక భయం అక్కర్లేదు. వృత్తిధర్మంగా చెప్పాను.) టూరిస్టు హోటళ్ళ గోడల మీద మాత్రం ఫ్రెంచి పూర్వీకుల బొమ్మలే ఎక్కువ. తరాల తరబడి పొయ్యి దగ్గర నిలబడి వండిన నల్లవాళ్ళ బొమ్మలు అరుదు.

ఇక రుచి సంగతి. గంబో తిన్న మనవాళ్ళు "ఇది మన పులుసేనండీ" అంటారు. అది సగమే నిజం. పులుసుకు ప్రాణం చింతపండు. గంబోలో పులుపు లేదు. దాని ప్రాణం 'రూ' అనే పదార్థంలో ఉంది. మైదాపిండిని నూనెలో వేసి, సన్నసెగ మీద, గరిటె ఆపకుండా, ముప్పావుగంటో గంటో కలుపుతారు. తెల్లపిండి ముందు గోధుమరంగుకీ, తర్వాత పాత రాగికాసు రంగుకీ, చివరికి చాక్లెట్ రంగుకీ తిరుగుతుంది. ఒక్క నిమిషం ఏమరిస్తే మాడుతుంది. మాడితే పారబోసి మళ్ళీ మొదలుపెట్టవలసిందే. సరిగ్గా రంగు తిరిగిన క్షణాన ఉల్లిపాయ, సెలరీ, బెంగుళూరు మిరపకాయ ముక్కలు పోసి వేగనిస్తారు. ఆ మాడీమాడని కమ్మటి చేదే గంబో రుచి. మన వంటలో దానికి సాటి ఏదంటే, ముదరవేయించిన మెంతులో, నువ్వులో చెప్పాలి. నాలుక కారం కోసమే వెతుకుతుంటే ఈ రుచి దానికి దొరకదు.

క్రాఫిష్ ఎతుఫే మాత్రం అచ్చంగా మన ఇగురే. ఆ ఫ్రెంచి మాటకు ఊపిరాడకుండా మూతపెట్టి మగ్గించినదని అర్థం. ఉల్లిపాయ, వెన్న, క్రాఫిష్ తలలోని కొవ్వు, వాటి మీద మూత. గోదావరి జిల్లాల్లో రొయ్యల ఇగురు తిన్న మనిషి దీన్ని చప్పిడి అన్నాడంటే నాకు ఆశ్చర్యమే.

అసలు ఈ కారం గొడవకు మనం ఒక్కరమే బాధ్యులం కాము. 1979లో న్యూ ఆర్లియన్సులో హోటలు తెరిచిన పాల్ ప్రుడోమ్ అనే కేజన్ వంటవాడు, చేపకు వెన్నా మసాలాపొడీ పట్టించి, ఎర్రగా కాలిన ఇనప మూకుడులో నల్లగా అయ్యేలా కాల్చాడు. దేశమంతా ఆ 'బ్లాకెన్డ్ రెడ్‌ఫిష్' వెంట పడింది. 1980లు ముగిసేలోపల గల్ఫులో ఆ చేపకే ముప్పొచ్చి, వ్యాపారానికి పట్టడాన్ని ఆపవలసి వచ్చింది. ప్రుడోమ్ గొప్ప వంటవాడే (2015లో పోయాడు). ఆయన్ని చూసి వాతపెట్టుకున్న చెయిన్ హోటళ్ళు దేన్నిబడితే దాన్ని తీసుకుని, దానిమీద ఇంత మిరప్పొడి చల్లి 'కేజన్' అని పేరుపెట్టాయి. అవి తిని అలవాటుపడ్డవాడు లఫయెట్ వెళ్ళి అసలు కేజన్ అన్నం తిని "ఇందులో కారమేదీ?" అంటాడు. ఆ ఊళ్ళలో కారం సీసా బల్లమీద విడిగా ఉంటుంది, ఎవరికి కావలసినంత వాళ్ళు వేసుకుంటారు. ఉప్పూ కారం లేవని మనం తీర్పు చెప్పిన ఆ రాష్ట్రంలోనే, భూగర్భంలోని ఉప్పుకొండ మీద నిలిచిన ఏవరీ ఐలెండ్‌లో 1868 నుంచి టబాస్కో తయారవుతున్నదని కూడా మనవి.

ఎక్కడ తినాలని అడిగితే, న్యూ ఆర్లియన్సు చేరేదాకా ఆగకండి అని చెబుతాను. లఫయెట్ చుట్టుపక్కల 'ప్లేట్ లంచ్' అమ్మే చిన్న కొట్లుంటాయి. మన మెస్సుల్లాంటివి. మధ్యాహ్నం ఆవిరిబల్ల వెనక ఒకావిడ నిలబడి అన్నం, దానిమీద గ్రేవీ, పక్కన బీన్సో, మగ్గబెట్టిన బెండకాయో వడ్డిస్తుంది. ఏరోజు ఏ కూరో చేత్తో రాసి పెడతారు. ఆలస్యంగా వెళితే అయిపోయిందంటారు. మెకానిక్కులూ, బ్యాంకివాళ్ళూ, నర్సులూ ఒకే వరుసలో నిలబడతారు. ఒక సీమవాళ్ళు తమకోసం ఏం వండుకుంటారో తెలిసేది ఇక్కడే. వచ్చిపోయేవాళ్ళకోసం వండేది వేరు. న్యూ ఆర్లియన్సు ఫ్రెంచి క్వార్టరులో బాండు మేళం పక్కన నేను తిన్న గంబోలలో ఒకటి రెండు మైదా జావలాగే ఉన్నాయి. ధర మాత్రం రెట్టింపు.

ఆ ఊళ్ళో అయితే ట్రెమే పేటలోని డూకీ ఛేజ్ హోటలుకి వెళ్ళాలి. 1941లో మొదలైన నల్లవాళ్ళ హోటలు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం చట్టవిరుద్ధమైన రోజుల్లో ఆ మేడమీది గదిలో పౌరహక్కుల ఉద్యమకారులు రంగు తేడా లేకుండా కలిసి కూర్చుని, గంబో తింటూ మంతనాలు చేశారు. 2005 తుఫానులో హోటలు మునిగింది, 2007లో మళ్ళీ తెరిచారు. 2019లో తాను పోయేదాకా ఆ వంటింటిని ఏలిన లియా ఛేజ్, ఈస్టరుకు ముందు గురువారంనాడు రకరకాల ఆకుకూరలతో గంబో పెట్టేవారు. ఆకుకూరలన్నారు కదా అని మన శాకాహారులు సంబరపడకూడదు, అందులో మాంసం ఉంటుంది.

శాకాహారులకు నిజం చెప్పాలి. ఆ సీమ వారికి కష్టమే. బీన్సులో పందిమాంసం ముక్క, ఆకుకూరలో పొగబెట్టిన ఎముక, మొక్కజొన్న కూరలో పందికొవ్వు. "మాంసం ఉందా?" అంటే "లేదు" అనవచ్చు, అబద్ధం కాదది, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు, పోపు. కనక "పందికొవ్వుతో వండారా? ఎముక వేశారా?" అని విడివిడిగా అడగాలి. శాకాహారుల డిక్కీలో పులిహోర మీద నాకే విమర్శా లేదు. కోడీ చేపా ఇంట్లో రోజూ తింటూ, దారిలో మాత్రం బర్గరుకీ ఆవకాయకీ కట్టుబడేవారితోనే నా పేచీ. ఇక్కడ ఉద్యోగాలు చేసి, ఇళ్ళు కొని, పిల్లల్ని చదివిస్తున్నాం. పొరుగు రాష్ట్రంవాడు అన్నంలో ఏం కలుపుకుంటాడో చూడకుండానే వాడి వంటకు సున్నా వేయడం ఏం న్యాయం?

క్రాఫిష్‌కి మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి. ఉడకబెట్టిన క్రాఫిష్‌లో ఉప్పు బాగా ఎక్కువ. బీపీ మాత్రలు వేసుకునేవారు చూసి తినాలి. పచ్చి ఆయిస్టర్లు మాత్రం లివరు జబ్బూ, షుగరూ ఉన్నవారు ముట్టవద్దు; వేసవినెలల్లో వాటిలో ఉండే విబ్రియో సూక్ష్మజీవి అలాంటివారి ప్రాణం తీయగలదు. వేయించినవైతే ఫరవాలేదు. అన్నిటికీ చివర న్యూ ఆర్లియన్సు కాఫీ ఉంది. అందులో చికోరీ కలుపుతారు, వేడిపాలు సగానికి సగం పోస్తారు. మా మేనమామగారు తెనాలి మనిషి, అమెరికాలో ఉన్న మూడునెలల్లో ఏ కాఫీనీ మెచ్చలేదు. ఆ కప్పు పూర్తిచేసి, "ఇంకోటి చెప్పరా" అన్నారు.