తడీపార్ నుంచి ఇన్సాన్ దాకా

ఆత్మకూరు బస్టాండులో మా పిలగాళ్లు సెల్లులో పుణె బస్తీ కుర్రాడు ఎంసీ స్టాన్ ర్యాప్ వింటుంటారు. అది పుస్తకాల ఉర్దూ కాదు. మేం నోరు విప్పితే 'ఇదేం ఉర్దూ' అని నవ్వుతారే, అట్లాంటి గల్లీ భాష. అతని బలమే అది.

2020లో వచ్చిన అతని మొదటి ఆల్బం 'తడీపార్'. పోలీసులు మనిషిని ఊరినుంచి వెళ్లగొట్టే హుకుం పేరది. 2022లో వచ్చిన రెండోది 'ఇన్సాన్'. వెలి ముద్రను ముందు తనే తగిలించుకొని, ఆ తర్వాత 'నేనూ మనిషినే' అనాల్సి రావడం! మా బతుకంతా ఈ రెండు పేర్ల నడుమే ఉంది. అందరికీ పుట్టుకతో వచ్చేదాన్ని మేం రుజువు చేసుకోవాలి.

పాట రాసేదీ, బీటు కట్టేదీ, పాడేదీ తనే. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే చేతుల్లాంటి పనితనం. కానీ ఆ చేతుల్లో మా అమ్మల, అక్కల చేతులూ ఉన్నాయి. అతని పాటల్లో డబ్బు డాబుతో పాటు ఆడవాళ్లను కించపరిచే నోరూ ఉంది. ఆల్బంకు 'ఇన్సాన్' అని పేరు పెట్టాక ఆ నోటిని ఎట్లా మన్నించాలి?

మమ్మల్ని మనుషులుగా చూడమని లోకాన్ని అడుగుతున్నాం. సరే భాయ్, నీ ఇన్సాన్‌లో మన ఆడవాళ్లు ఉన్నారా?