బయటికి దారి ఉండాలి

పేపర్ మిల్లులో గుజ్జు లెక్కలంటే కర్ర, సోడా, ఆవిరి గురించే మాట్లాడుకుంటాం. నా ధ్యాస మాత్రం పిలవకుండా వచ్చే సరుకు మీద ఉంటుంది. సరుగుడు, సుబాబుల్, జామాయిల్, వెదురు, ఏది వచ్చినా నేలలోంచి పీల్చుకున్న పొటాషియం, క్లోరైడ్, కాల్షియం, మాంగనీస్, సిలికా దాని వెంటే వస్తాయి. బెరడు ఒలవకుండా పంపితే కాల్షియం ఇంకా ఎక్కువ.

సోడా, గంధకం మందుతో కర్రను ఉడికించే క్రాఫ్ట్ పద్ధతి గొప్పతనమంతా వాడిన మందును మళ్లీ వాడుకోవడంలోనే ఉంది. కర్ర ఉడికాక మిగిలిన బ్లాక్ లిక్కర్‌ను చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో కాలిస్తే సోడా, గంధకం తిరిగి దక్కుతాయి, ఆవిరీ వస్తుంది. అయితే సోడాను పోనివ్వని ఆ చక్రం ఈ చిల్లర మూలకాలను కూడా పోనివ్వదు. తిరిగిన కొద్దీ అవి పోగుపడతాయి.

ఒక్కోదాని చేటు ఒక్కో రకం. పొటాషియం, క్లోరైడ్ పెరిగితే బాయిలర్ బూడిద తక్కువ వేడికే జిగురెక్కి గొట్టాల మధ్య దారి పూడుస్తుంది. వెదురులోని సిలికా లిక్కర్‌ను చిక్కబరిచే ఎవాపరేటర్ గొట్టాల్లో గట్టి పెచ్చు కడుతుంది. మాంగనీస్ పెరాక్సైడ్‌ను గుజ్జు తెల్లబడకముందే విరగ్గొడుతుంది.

కాబట్టి దేన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియాలి. పొటాషియం, క్లోరైడ్ బాయిలర్ పొగలోని ధూళిని పట్టే ఈఎస్‌పీ బూడిదలో చేరతాయి. ఆ బూడిదలో కొంత తీసేయాలి, లేదా శుద్ధి చేసి వాడాలి. మాంగనీస్‌ను పెరాక్సైడ్ దశకు ముందే ఆమ్లంతోనో, లోహాలను పట్టుకునే ఈడీటీఏతోనో కడిగేయాలి. సిలికా ముదిరితే, ఉడికించే మందును తిరిగి తయారుచేసేటప్పుడు మిగిలే సున్నపు బురదలో కొంత వదులుకోక తప్పదు.

రికవరీ బాయిలర్ అడుగు నుంచి కరిగి వచ్చే లవణాలను నీటిలో కలిపితే వచ్చేది గ్రీన్ లిక్కర్. దాన్ని గాజు జాడీలో పట్టి నిలబెట్టండి. అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. అందులో కాలని బొగ్గు, ఇనుము, మాంగనీస్, మెగ్నీషియం, కాల్షియం ఉంటాయి. మిల్లులో దాన్ని డ్రెగ్స్ అంటారు. పైన ద్రవం తేటపడకముందే ముందుకు తోలితే ఆ మడ్డి సున్నంలో కలుస్తుంది. ఎన్ని మీటర్లున్నా ఈ జాడీని కళ్లతో చూడటం మానకూడదని నా నమ్మకం.

మిల్లులు నీటి వాడకం తగ్గించాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ నీళ్లతో పోయే లవణాలు ఇక లోపలే ఉండిపోతాయి. కొత్తగా చేరే ఇంజనీర్లకు నేను చెప్పేదొక్కటే: సోడా లెక్క పక్కనే ప్రతి మూలకానికీ జమాఖర్చు రాయండి. ఎంత వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎటు పోయింది? ఇది తేలకుండా ఏ నీటి దారీ మూయకండి.