పెన్‌గంగ అవతలి తెలుగు బ్యాటు

ఆదిలాబాద్ వాళ్లకు హైదరాబాద్ కన్నా నాగ్‌పూరే దగ్గర. పెద్ద జబ్బు చేస్తే పెన్‌గంగ వంతెన దాటి అటే పోతారు. ఆ నాగ్‌పూర్‌లోనే 1895 అక్టోబరు 31న కొట్టారి కనకయ్య నాయుడు పుట్టాడు. తాతల నాడే తెలుగు నేల విడిచి అక్కడ స్థిరపడిన కుటుంబం. క్రికెట్ లోకం అతన్ని సి.కె. అంది.

సి.కె. అంటే సిక్సర్లు. నిజమే గానీ, ఆ మాట వినగానే కళ్లు మూసుకుని బాదేవాడేమో అనిపిస్తుంది. అదే పొరపాటు.

అప్పట్లో మన దేశంలో చాలాచోట్ల పచ్చిక పిచ్ ఎక్కడిది? గట్టి నేల మీద కొబ్బరి పీచు చాప పరిచి, అంచులకు మేకులు కొట్టి బిగించేవారు. మ్యాటింగ్ అంటే అదే. దాని మీద బంతి బాగా లేస్తుంది, స్పిన్ అయితే చురుగ్గా తిరుగుతుంది. క్రీజులోనే నిలబడిపోతే ఛాతీ మీదికొస్తుంది. విరుగుడు ఒకటే: రెండడుగులు ముందుకేసి, బంతి లేవకముందే దాన్ని అందుకోవడం. సి.కె. ఆరడుగుల మనిషి, చేతులు పొడుగు. బ్యాటు తిన్నగా, నిండుగా ఊపితే బంతి బౌలర్ తల మీదుగా పోయేది. అడ్డంగా ఊపేవాడికి బంతి తగిలేది ఒక్క క్షణమే. తిన్నగా ఊపేవాడికి కాస్త అటూ ఇటూ అయినా దొరుకుతుంది. ఇవాళ కరీంనగర్‌లో టెన్నిస్ బంతిని ముందుకురికి నేరుగా లేపే కుర్రాడు పాటించే సూత్రమూ ఇదే.

1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానాలో ఇది అందరికీ కనిపించింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టులో మారిస్ టేట్, జార్జ్ గేరీ లాంటి బౌలర్లున్నారు. హిందూస్ జట్టు తరఫున సి.కె. రెండు గంటల లోపే 153 పరుగులు చేశాడు. 11 సిక్సర్లు, 13 ఫోర్లు. లెక్క వేస్తే 118 పరుగులు ఆ 24 దెబ్బల్లోనే వచ్చాయి. ఎం.సి.సి. వాళ్లే అతనికి వెండి బ్యాటు బహూకరించారు.

క్రికెట్ కూడు పెట్టని రోజులవి. 1923లోనే హోల్కర్ మహారాజు ఇండోర్‌కు పిలిచి సైన్యంలో ఉద్యోగమిచ్చాడు. సంస్థానాల దయ అంత మేలు చేసింది. చికాకూ అంతే తెచ్చింది. 1932 ఇంగ్లండ్ యాత్రకు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాకుమారుడు. మహారాజు ఆటలో తన స్థాయి తెలిసి పక్కకు తప్పుకున్నాడు, లింబ్డీకి గాయమైంది. అలా జూన్ 25న లార్డ్స్‌లో మన తొలి టెస్టు కెప్టెన్ సి.కె. అయ్యాడు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశాడు. ఆ యాత్రలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు, 65 వికెట్లు. మరుసటి ఏడాది క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ ఆ ఏటి మేటి ఆటగాళ్లుగా ఎంచిన అయిదుగురిలో చేరాడు.

టెస్టులు మాత్రం ఏడే. అయితే ఆట ఆగలేదు. 50 ఏళ్ల వయసులో రంజీలో బరోడా మీద 200 కొట్టాడు. 1953-54లో ఆంధ్ర జట్టుకూ ఆడాడు. అంతకుముందు హోల్కర్ జట్టుకు ఆడే రోజుల్లోనే, 56 ఏళ్లప్పుడు, బొంబాయి బౌలర్ దత్తు ఫడ్కర్ బంతి నోటికి తగిలి పళ్లు ఊడాయి. పిచ్ మీద పడ్డ పళ్లను పక్కకు తోసేసి మళ్లీ గార్డు తీసుకున్నాడని చెబుతారు.