సేల్స్‌మన్‌కి మూడు టికెట్లు

మూడు వారాలుగా నా ఫోన్లో ఒక సీటింగ్ చార్ట్ తెరిచే ఉంది. మన్‌హాటన్‌లో వింటర్ గార్డెన్ థియేటర్. 2026 వసంతంలో అక్కడ ఆర్థర్ మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' మళ్ళీ వేస్తున్నారు. జో మాంటెల్లో దర్శకుడు, విల్లీ లోమన్‌గా నేథన్ లేన్, లిండాగా లారీ మెట్‌కాఫ్. ఇది రాస్తున్న రోజుకి ప్రివ్యూలు కూడా మొదలవలేదు. రోజూ రాత్రి పడుకునే ముందు ఏ వరసలో ఎన్ని సీట్లు మిగిలాయో చూస్తాను, ఫోన్ పక్కన పెడతాను. కొనను.

ఇంకా చూడని నాటకం మీద వ్యాసం ఏంటి అని మీరు అడగొచ్చు. కానీ రివైవల్ సంగతి వేరు. మాట మనకి కొత్తేమో గానీ పని కొత్తది కాదు. పద్యనాటకానికి వెళ్ళేవాళ్ళు కథ తెలియక వెళ్ళరు. ఆ పద్యం ఈయన నోట ఎలా ఉంటుందో వినడానికి వెళ్తారు. అలాంటి ప్రేక్షకుడి పని తెర లేవకముందే సగం మొదలవుతుంది.

విల్లీకి నాటకంలో 63 ఏళ్ళు. 1949 ఫిబ్రవరి 10న మొరాస్కో థియేటర్‌లో ఆ వేషం మొదట కట్టిన లీ జె. కాబ్‌కి అప్పటికి 37. 1984లో డస్టిన్ హాఫ్‌మన్‌కి 46, 2012లో ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్‌కి 44. అంటే చాలాసార్లు మనం చూసింది ముసలితనాన్ని కాదు, ముసలితనాన్ని గొప్పగా నటించడాన్ని. 1999లో బ్రయన్ డెనెహీ ఒక్కడు ఆ వయసుకి కాస్త దగ్గరగా, అరవైలో ఉన్నాడు. లేన్‌కి ఇప్పుడు 70. అలసిపోయినట్టు నడవడం అతను కొత్తగా నేర్చుకోవాల్సిన పనిలేదు.

పైగా అతను హాస్యనటుడు. 'లయన్ కింగ్'లో టిమోన్ గొంతు అతనిదే. కమెడియన్‌ని విల్లీగా ఎందుకు పెట్టారని కొందరు నొసలు చిట్లిస్తున్నారు గానీ, నాకైతే ఇదే అసలు ఆశ. విల్లీ తను మరీ ఎక్కువ జోకులేస్తానని లిండా దగ్గర వాపోతాడు. తనని చూసి జనం నవ్వుతున్నారని అతని అనుమానం. ఒకడు తన ఆకారం మీద ఏదో అన్నాడని చెంప పగలగొట్టానంటాడు. ఆ మాటని మిల్లర్ మొదట చిన్న రొయ్య అని రాసుకున్నాడు. కాబ్ భారీ మనిషి కావడంతో వాల్రస్‌గా మార్చాడు. డస్టిన్ హాఫ్‌మన్ వచ్చాక మళ్ళీ రొయ్య అయింది. లేన్ ఏ మాట అంటాడో వినాలని ఉంది. నవ్వించడమే బతుకుతెరువైన మనిషికి నవ్వు ఎప్పుడు తిరగబడుతుందో తెలిసి ఉండాలి.

భయమల్లా థియేటర్ గురించే. వింటర్ గార్డెన్‌లో సీట్లు పదిహేను వందలకు పైనే. 'క్యాట్స్' 18 ఏళ్ళు ఆడిన చోటు, ఆ తర్వాత 'మమ్మా మియా' ఆడిన చోటు. మొరాస్కో వెయ్యి లోపు సీట్ల హాలు. 1982లో దాన్ని కూలగొట్టారు, ఇప్పుడక్కడ పెద్ద హోటల్ ఉంది. ఇది వంటింట్లో జరిగే నాటకం. ఫ్రిజ్‌కి కట్టాల్సిన ఆఖరి వాయిదా గురించి భార్య చిన్నగొంతుతో చెప్పే మాట బాల్కనీ చివరి వరసకి చేరుతుందా? చేరకపోతే చవక టికెట్ కొని ఏం లాభం?

ఇక ధరల సంగతి. బ్రాడ్‌వేలో ఇప్పుడు టికెట్‌కి ఒక రేటంటూ లేదు. విమానం టికెట్‌లాగే గిరాకీని బట్టి కదులుతుంది. 2025లో డెంజెల్ వాషింగ్టన్ 'ఒథెల్లో'కి మంచి సీట్లు 921 డాలర్ల దాకా పోయాయి. స్టార్లున్న నాటకం కొన్ని వారాలే ఆడుతుంది. ప్రివ్యూల్లోనే కొంటే నాటకం ఇంకా కుదురుకోకముందు చూసినట్టు. రివ్యూలు వచ్చేదాకా ఆగితే, అవి బాగుంటే రేటు ఎక్కుతుంది, బాగోకపోతే టైమ్స్ స్క్వేర్‌లో టీకేటీయస్ బూత్ దగ్గర నిలబడి సగం ధరకి తెచ్చుకోవచ్చు. అంటే చవకగా చూడాలనుకునేవాళ్ళు నాటకం దెబ్బతినాలని కోరుకోవాలన్నమాట. ఆ కోరికతో హాల్లోకి వెళ్ళడం నాకు నచ్చదు.

ఈ లెక్కలు వేస్తుంటే రెండో అంకంలో హోవర్డ్ సీన్ గుర్తొస్తుంది. విల్లీ తన యజమాని దగ్గరికి వెళ్ళి, ఇక ఊళ్ళు తిరగలేను, న్యూయార్క్‌లోనే ఏదైనా పని ఇవ్వండి అంటాడు. వారానికి 65 డాలర్లు చాలంటాడు. కాసేపటికి 50. ఇంకాసేపటికి 40. నిజానికి అవతలివాడు బేరమే ఆడటం లేదు. కొత్తగా కొన్న రికార్డర్‌లో కూతురి ఈల వినిపించే సంబరంలో ఉన్నాడు. విల్లీ తనతో తనే బేరమాడి తన రేటు తనే దించుకుంటాడు. ఆ దించడాన్ని చూడ్డానికి మన టికెట్ రేటు మాత్రం ఎక్కుతుంటుంది. ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపడం తేలికే. కానీ నన్ను ఆపుతున్నది అది కాదు.

నాన్న మెడికల్ రెప్‌గా చేశాడు. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు. పేషెంట్లందరూ వెళ్ళాక ఆఖర్న డాక్టర్ గదిలోకి వెళ్ళే మనిషి. డాక్టర్ల పిల్లల పుట్టినరోజులు రాసుకునే డైరీ ఒకటి ఉండేది. జోకులు కూడా రాసుకునేవాడు, ఏది ఎవరికి చెప్పాడో పక్కన పేరుతో సహా. 54వ ఏట కంపెనీ వాళ్ళు టార్గెట్ అందలేదని రాజీనామా రాయించుకున్నారు. ఇంట్లో చెప్పలేదు. నాలుగు నెలలు రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాగ్ తగిలించుకుని బండి మీద వెళ్ళాడు. ఒకటో తారీఖున అమ్మ చేతికి జీతం ఇచ్చాడు. అది మా పెదనాన్న దగ్గర తెచ్చిన అప్పు.

2022లో, కాలేజీలో చదివి మర్చిపోయిన నాటకం కదా అని, ఒక మధ్యాహ్నం హడ్సన్ థియేటర్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. అది వెండెల్ పియర్స్ విల్లీగా వేసిన ప్రొడక్షన్, లోమన్లది నల్లజాతి కుటుంబం. కుర్చీలు, తలుపులు, కిటికీలు తీగలకి వేలాడుతూ పైనుంచి దిగేవి. మొదటి అంకం చివర్లో లిండా కొడుకులకి చెబుతుంది: నాన్న వారం వారం చార్లీ దగ్గర 50 డాలర్లు తెచ్చి, జీతమని నాకిస్తున్నాడు, నాకు తెలుసు అని. షరాన్ డి క్లార్క్ ఆ మాట అరవకుండా, బట్టలు మడతపెడుతున్నంత మామూలుగా అంది. ఇంటర్వెల్లో అమ్మకి ఫోన్ చేయబోయాను. అక్కడ రాత్రి రెండవుతోందని ఆగాను. మర్నాడు చేసి అడిగితే, "మొదటి నెలే తెలుసమ్మా" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

చాలామంది ఈ నాటకాన్ని అమెరికన్ కల చితికిపోయిన కథగా చదువుతారు. అది తప్పు కాదు గానీ, ఆ చదువులో వంటిల్లు కనబడదు. నాకు ఇది అందరికీ తెలిసి ఎవరూ చెప్పని ఇంటి కథ. విల్లీ దాచిన రబ్బరు గొట్టాన్ని లిండా తీస్తుంది, అతనికి అవమానమని మళ్ళీ అక్కడే పెట్టేస్తుంది. ఆ మర్యాదకి మించిన క్రూరత్వం నాటకంలో ఇంకోటి లేదు. మిల్లర్ ఆ ఇంట్లో కూతుర్ని పెట్టలేదు. పెట్టి ఉంటే తను కూడా గొట్టాన్ని ఎక్కడిదక్కడే పెట్టేదేమో. నేను పెట్టాను, పదకొండేళ్ళుగా.

ఏప్రిల్ చివర్లో అమ్మా నాన్నా వస్తున్నారు. అదీ అసలు లెక్క. ముందు ప్రివ్యూకి ఒక్కదాన్నే వెళ్ళి, నాన్న తట్టుకోగలడో లేదో చూసి అప్పుడు కొందామనుకున్నాను. నాన్నకి నేను సెన్సార్ సర్టిఫికెట్ ఇవ్వడం ఏంటని సిగ్గేసి మానేశాను. ఆయన్ని తీసుకెళ్ళి మూడు గంటలు చీకట్లో కూర్చోబెట్టడం గౌరవమో, నోటితో చెప్పలేని మాట లేన్ చేత చెప్పించే పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. లేన్ బాగా చేస్తే ఒక భయం, చేయకపోతే ఇంకో భయం. రివ్యూల కోసం ఆగడంలో అర్థం లేదని మాత్రం అప్పుడే తెలిసింది. ఆగితే తెలిసేది నాటకం బాగుందా లేదా అన్నదే. నాకు కావాల్సిన జవాబు ఏ రివ్యూలోనూ ఉండదు.

నిన్న రాత్రి కొన్నాను. మే నెలలో ఒక బుధవారం మ్యాట్నీ, మెజనీన్‌లో పక్కపక్కన మూడు సీట్లు. అమ్మ మధ్యలో. కొన్నాక నాన్నకి ఫోన్ చేసి ఒక నాటకానికి వెళ్తున్నాం అన్నాను. రేటు అడిగాడు. మూడో వంతు చెప్పాను.

"పేరేంటి?"

చెప్పాను. కాసేపు మాట లేదు.

"ఏం అమ్ముతాడతను?"

"నాటకంలో ఎక్కడా చెప్పరు నాన్నా."

"అదేంటమ్మా, ప్రొడక్ట్ చెప్పకుండా ఎట్లా? సరే, టెరిటరీ ఏది?"

"న్యూ ఇంగ్లండ్. బోస్టన్, ప్రావిడెన్స్, ఆ పక్కంతా."

"బండి మీదా?"

"కార్లో."

"అయితే పర్లేదు," అన్నాడు నాన్న. "వానకి తడవడు."