పశ్చాత్తాపమా, పునరాగమనమా?

హీబ్రూలోని ‘తెషువా’ను మనం పశ్చాత్తాపం అంటాం. మన మాటలో ఉన్నది తర్వాత కలిగే తాపం. హీబ్రూ మాటలో ఉన్నది తిరిగి రావడం. నతాన్ షరాన్‌స్కీ చెరసాల స్మృతులు ‘ఫియర్ నో ఈవిల్’ (1988) చదివేటప్పుడు ఈ భేదం గుర్తుంచుకోవాలని మా అభిప్రాయం. గ్రంథనామం 23వ కీర్తనలోనిది.

ఇజ్రాయెల్‌కు వలసపోదలచిన ఈ యూదుణ్ణి సోవియట్ ప్రభుత్వం 1977లో నిర్బంధించింది. ఆయన మతాచారాల మధ్య పెరిగినవాడు కాడు. అధికారులు కోరినదీ ఒక పశ్చాత్తాపమే: నేరం ఒప్పుకోవడం. దాన్ని ఆయన నిరాకరించాడు. భార్య ఇచ్చిన చిన్న కీర్తనల పుస్తకాన్ని మాత్రం వచ్చీరాని హీబ్రూతో కూడబలుక్కుంటూ చదివాడు. పెర్మ్ శిబిరంలో తోటి ఖైదీ చెక్కతో చేసిపెట్టిన హనుక్కా పండుగ దీపస్తంభాన్ని జప్తు చేస్తే నిరాహారదీక్ష పట్టాడు. చివరకు శిబిరాధికారి గదిలోనే దీపాలు వెలిగించాడు. శత్రువులు మా ప్రార్థన విని ‘ఆమెన్’ అనే రోజు రావాలని హీబ్రూలో సొంతంగా ప్రార్థన అల్లి చదివితే, భాష తెలియని ఆ అధికారి ‘ఆమెన్’ అన్నాడు.

ఈ ఘట్టంలో హాస్యం ఉంది, భక్తిపారవశ్యం లేదు. అది లోపమని మేము అనుకోము. ఇక్కడ ఆచారం విశ్వాసానికి ఫలం కాదు, దానికి దారి. అయితే ధిక్కారం ఎక్కడ ముగిసి ప్రార్థన ఎక్కడ మొదలైందో రచయిత విడదీసి చూపడు. 1986లో విడుదలనాడు ఆ కీర్తనల పుస్తకం తిరిగి ఇచ్చేదాకా మంచులో పడుకుని కదలనన్నాడు. అది మొండితనమో భక్తియో పాఠకుడే తేల్చుకోవాలి.