ఆర్‌ఎక్స్ 100కు నాలుగు బోర్ల ఆయుష్షు

నిస్సాన్ స్కైలైన్, టొయోటా సుప్రా లాంటి జపాన్ స్పోర్ట్స్ కార్లు తమ మంచి రోజుల్లో మన దేశంలో అమ్మకానికే రాలేదు. అందుకే భిక్నూర్‌లో గానీ కామారెడ్డిలో గానీ ఇంటి ముందు రేకుల షెడ్డులో ఎవరైనా పాత జపాన్ బండిని విప్పుకుని కూర్చున్నారంటే అది కారు కాదు, ఆర్‌ఎక్స్ 100 అయి ఉంటుంది. జపాన్ వాళ్ల వేగం మన పల్లెలకు రెండు చక్రాల మీదే వచ్చింది.

1980ల మొదట్లో చిన్న మోటారు సైకిళ్ల తయారీకి కేంద్రం విదేశీ భాగస్వామ్యాలను అనుమతించింది. 1984లో హోసూరు నుంచి ఇండ్-సుజుకి వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, 1986లో కవాసాకి బజాజ్ కేబీ 100 వచ్చాయి. వీటి మధ్యనే, 1985 నవంబరులో, ఎస్కార్ట్స్ కంపెనీ యమహా ఆర్‌ఎక్స్ 100ను దించింది. హీరో హోండా మైలేజీ లెక్క చెప్పి అమ్ముడుపోతే, ఇది పికప్పు చూపించి అమ్ముడుపోయింది. 98 సీసీ ఇంజన్, 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్ పవర్. పెట్రోలుతో కలిపి బండి బరువు 103 కిలోలే. అంటే ఒక్కో హార్స్ పవర్ మీద పది కిలోల భారం కూడా పడదు. గేరు మార్చి యాక్సిలేటర్ తిప్పగానే ముందు చక్రం ఎందుకు తేలికవుతుందో ఈ లెక్కే చెబుతుంది. కాలుష్య నిబంధనలు బిగియడంతో 1996 మార్చిలో తయారీ ఆగింది. కానీ బళ్లు ఆగలేదు.

స్పోర్ట్స్ కార్లతో దీనికి చుట్టరికం లేకపోలేదు. జపాన్ స్పోర్ట్స్ కార్లలో అన్నిటికన్నా గౌరవం పొందిన టొయోటా 2000జీటీని 1967 నుంచి 1970 దాకా టొయోటా కోసం తయారుచేసి ఇచ్చింది యమహానే. అంతకు ముందే, 1964లో, 250 సీసీ టూ స్ట్రోక్ రేసు బండితో ఆ కంపెనీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది. చిన్న సిలిండర్ నుంచి పెద్ద బలం రాబట్టే ఆ విద్యే రెండు దశాబ్దాల తర్వాత మన మట్టి రోడ్ల మీదికి దిగింది.

ఇప్పుడు పాత ఆర్‌ఎక్స్‌ను బాగుచేయించే ఊపు ఎక్కువైంది. కొత్త పెయింటు, కొత్త క్రోమ్, బజారులో దొరికే నకిలీ మీటరు, నకిలీ స్టిక్కర్లు వేసి మెరిపించి ఫొటో తీయడంతో చాలామంది పని అయిందనుకుంటారు. నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు ఇనుమును ఎంత తక్కువ ఖర్చుపెట్టి బండిని నడిపించామన్నదే ఈ పనిలో లెక్క. ఆ ఇనుము మళ్లీ పుట్టదు.

సిలిండర్ సంగతే చూడండి. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా 50 మిల్లీమీటర్లే. ఏళ్ల తరబడి పిస్టన్ రాసుకుని బోరు అరిగితే, లేతు షాపులో దాన్ని కాస్త వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. ఒక్కో విడతకు పావు మిల్లీమీటరు చొప్పున 50.25, 50.50, 50.75, 51. అక్కడితో సరి. ఆపైన పాత స్లీవ్ తీసేసి కొత్తది దిగ్గొట్టాల్సిందే, అప్పుడది ఫ్యాక్టరీ బోరు కాదు. అంటే అసలు సిలిండర్‌కు నాలుగే బోర్ల ఆయుష్షు. విచిత్రం ఏమిటంటే, పేరులో వంద ఉన్నా పుట్టినప్పుడు ఈ ఇంజన్ 98 సీసీయే. రెండో బోరు వేశాకే నిజంగా వంద దాటుతుంది. చివరి బోరుకు 102 సీసీ.

కాబట్టి కిక్కు తేలికైందని, పొగ వస్తోందని నేరుగా బోరింగ్‌కు ఇచ్చేయడం తొందరపాటు. మంచి మెకానిక్ ముందు హెడ్డు విప్పి, బోర్ గేజ్‌తో సిలిండర్‌ను పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలుస్తాడు. బోరు గుండ్రంగానే ఉండి, గీతలు పడకుండా ఉంటే కొత్త రింగులతో ఇంకొన్నేళ్లు వెళ్లదీయవచ్చు. కోలగా మారితేనో, గీతలు పడితేనో బోరు. అప్పుడైనా పిస్టన్ కొని తెచ్చాకే, ఆ పిస్టన్‌ను కొలిచాకే బోరు కొట్టాలి. పిస్టన్‌కీ గోడకీ మధ్య వదలాల్సిన సందు తల వెంట్రుక మందం కంటే తక్కువ. బోరు ముందు కొట్టించి, ఆ తర్వాత బజారులో దొరికిన పిస్టన్‌ను అందులో ఇమిడిస్తే సందు ఎక్కువైతే గలగల, తక్కువైతే వేడెక్కి పట్టేయడం. రింగును ఒంటిగా సిలిండర్‌లోకి దించి, దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూడటం ఇంటి దగ్గరే చేసుకోగల పని.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. టూ స్ట్రోక్ సిలిండర్ గోడలకు కిటికీల్లాంటి పోర్టులు ఉంటాయి, పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. బోరు కొట్టాక ఆ పోర్టుల అంచులు కత్తిలా పదునుగా మిగులుతాయి. వాటిని సన్నటి రాయితో కొద్దిగా నునుపు చేయకపోతే రింగు అంచుకు తట్టుకుని విరుగుతుంది. వేగం కోసం ఆ పోర్టులనే ఎత్తు పెంచి అరగదీయించే వాళ్లున్నారు. ఒకసారి తీసేసిన లోహం తిరిగి రాదు. పోర్టు ఎత్తు మారితే బలం పై ఆర్‌పీఎంలకు జరిగిపోయి, కింద ఇంజన్ గొంతు పట్టుకున్నట్టు నడుస్తుంది. బాగున్న అసలు సిలిండర్‌ను ఇలా కోసేయడం చూస్తే నాకు బాధేస్తుంది.

బోరు కన్నా ముందు అనుమానించాల్సినవి ఆయిల్ సీళ్లు. ఏళ్ల తరబడి మూలన పడున్న బండిలో ముందుగా ఎండిపోయేవి ఇవే. టూ స్ట్రోక్‌లో క్రాంకు ఉండే గది గాలి చొరబడకుండా మూసి ఉండాలి, ఎందుకంటే పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఆ గదిలో నుంచే పైకి వెళ్తుంది. మాగ్నెట్ వైపు సీలు ఎండితే అక్కడినుంచి వట్టి గాలి లోపలికి లాగుతుంది. ఐడ్లింగ్ తనంతట తానే పెరుగుతుంది, ప్లగ్గు తెల్లగా మారుతుంది, ఒక ఎండ మధ్యాహ్నం పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి లాగి గుప్పుమని పొగ వదులుతుంది. రెండు సందర్భాల్లోనూ మనవాళ్లు ముందు కార్బ్యురేటర్ మీద పడి జెట్లు మారుస్తూ నెలలు గడుపుతారు. జెట్టు మార్చేముందు సీళ్లు చూడండి. ఆ రెండు రబ్బరు రింగుల ఖర్చు ఒక బోరు ఖర్చులో చిన్న భాగం కూడా కాదు.

ఆయిల్ పంపు విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. యమహా 1964లోనే ఆటోల్యూబ్ పద్ధతి తెచ్చింది. పెట్రోలులో ఆయిల్ కలపనక్కర లేకుండా, యాక్సిలేటర్ ఎంత తిప్పితే అంతకు తగ్గ ఆయిల్‌ను ఒక పంపు ఇంజన్‌కు అందిస్తుంది. ఆర్‌ఎక్స్ 100లోనూ ఆ పంపు ఉంది. దాని కేబుల్ సరిచేయడం తెలియక చాలాచోట్ల తీసి పారేసి, పెట్రోలు బంకులో సీసాతో ఆయిల్ కలుపుకుంటున్నారు. అలా కలిపితే మెల్లగా పోయినా, గట్టిగా లాగినా పాలు ఒక్కటే. పంపు ఉంటే అవసరమైనంతే. పంపు దొరికితే శుభ్రం చేసి బిగించి, గొట్టంలో గాలి బుడగ లేకుండా ఆయిల్ కారేదాకా బ్లీడ్ స్క్రూ వదులు చేసి మళ్లీ బిగించాలి. ఇది మరిచిపోతే ఇంజన్‌కు ఆయిల్ అందదు. జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని డబ్బా మీద ఉన్న 2టీ ఆయిల్ పోస్తే సైలెన్సర్‌లో మసి తక్కువ పేరుకుంటుంది.

సైలెన్సర్ అనగానే శబ్దం గుర్తొస్తుంది. దాన్ని కోసి, లోపలి గొట్టం పీకేసి గ్రామమంతా అదరగొట్టేవాళ్లకు ఒకటి తెలియాలి. టూ స్ట్రోక్ సైలెన్సర్ శబ్దం అణచే డబ్బా మాత్రమే కాదు. పొగతో పాటు బయటికి పోయే ఒత్తిడి అల వెనక్కి తిరిగొచ్చి, జారిపోబోతున్న కొత్త మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెట్టేలా దాని పొడవు, వంపు లెక్కగట్టి చేశారు. అది చెడగొడితే శబ్దం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. పైగా జరిమానా. చేయాల్సిందల్లా లోపలి గొట్టం తీసి, పట్టిన మసి గీకి, ఆరబెట్టి తిరిగి పెట్టడం.

పెయింటు సంగతి త్వరగా ముగిస్తాను. ట్యాంకు మీద అసలు రంగు కాస్త గీతలతో మిగిలి ఉంటే పాలిష్‌తో ఆగిపోండి. లేదంటే పాత పొర కింద దాగిన అసలు రంగు ఏదో చూసుకుని అదే వేయించండి.

ట్యాంకు లోపల మాత్రం తీరిగ్గా చూడాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఇప్పుడు బంకుల్లో మామూలైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. వానాకాలం నెలల తరబడి బండి కదలకపోతే నీరు అడుగున చేరి తుప్పు మొదలవుతుంది, కార్బ్యురేటర్‌లోని పాత రబ్బర్లు ఉబ్బుతాయి. వారానికొకసారైనా నడపలేని బండికి ట్యాంకు, కార్బ్యురేటర్ గిన్నె రెండూ ఖాళీ చేసి, ట్యాంకులో కాస్త 2టీ ఆయిల్ పోసి గోడలకు పట్టేలా ఊపి ఉంచాలి. తుప్పు పట్టేసి ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లు ఒక పూట నింపి, తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే ఆయిల్ పట్టించాలి. ఆరబెట్టి వదిలేస్తే మర్నాటికే ఎర్రబారుతుంది.

భిక్నూర్ చుట్టుపక్కల వరి కోతలప్పుడు లేచే దుమ్ము ఇంకో శత్రువు. హార్వెస్టర్లు తిరిగే ఆ వారాల్లో స్పాంజి ఫిల్టర్‌ను కిరోసిన్‌లో ఉతికి, పిండి, ఆయిల్‌తో తడిపి మళ్లీ పిండి పెట్టాలి. ఫిల్టర్ లేకుండా తిరిగితే పికప్పు పెరుగుతుందని నమ్మేవాళ్లు ఒక్క సీజన్‌లోనే ఒక బోరు తినేస్తారు.

జపాన్‌లో ఈ పనికి కంపెనీలే పూనుకున్నాయి. హోండా 1993లోనే తన ఎన్‌ఎస్‌ఎక్స్ కార్లను వెనక్కి తీసుకుని బాగుచేసి ఇవ్వడం మొదలెట్టింది. 2017లో నిస్సాన్ ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ విడిభాగాలు మళ్లీ తయారుచేయడం మొదలెట్టింది. 2020లో టొయోటా పాత సుప్రాలతో పాటు 2000జీటీకి కూడా గేర్లు చేయించింది. మన దగ్గర ఆ బాధ్యత పాత సామాన్ల కొట్లు, లేతు షాపులు, ఇంటి షెడ్లు మోస్తున్నాయి. అందుకే విప్పిన ఏ అసలు భాగాన్నీ, విరిగినదైనా, తుక్కువాడికి వేయకండి. ఇంకొకరి బండికి అది కొలతగానైనా పనికొస్తుంది.

కొనేముందు కాగితాలు చూసుకోవాలి. ఇంజన్, ఛాసిస్ నంబర్ల ముందు 1ఎల్1 అనే గుర్తు ఉండాలి, అవి ఆర్‌సీలో ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అరగదీసి మళ్లీ కొట్టిన నంబరు దొంగ బండికి గుర్తు. పాత నిజామాబాద్ జిల్లా ఏపీ 25 ప్లేటు ఉన్న బండికి పదిహేనేళ్లు దాటినందుకు ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి అయిదేళ్లకోసారి ఆర్‌సీ పొడిగించుకోవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఛాసిస్‌లో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మొదటి ఆర్‌ఎక్స్ 100కు యాభై నిండేది 2035లో. పోర్టులు కోసిన సిలిండర్లు, మరో మోడల్ నుంచి తెచ్చి బిగించిన ఇంజన్లు ఆ పరీక్షకు నిలవవు.